ముప్ఫై ఏడో ప్రశ్న

మనుషులు ఎంత సంతోషంగా ఉన్నారో కొలిచి పట్టుకెళ్ళడానికి ఆ మాఘమాసంలో అనకాపల్లికి పన్నెండు ట్యాబులు దిగాయి. ఢిల్లీలో ఏదో పరిశోధన సంస్థట. ఏ జిల్లా వాళ్ళు ఎంత ఆనందంగా ఉన్నారో లెక్క తేల్చి, ఆ ఆనందం దేనివల్ల వస్తోందో కనిపెట్టి పుస్తకం అచ్చు వేస్తారట. వేసుకోనివ్వండి, మనకేం పోయింది. ఉప్పూ పప్పూ కొలిచినట్టు సంతోషాన్ని కొలుస్తామని బయల్దేరిన పెద్దమనుషులతో మనకి పేచీ ఎందుకు?

ఆ పన్నెండింట్లో ఒకటి పద్మకుమారి చేతికి వచ్చింది. ఆమెకి నలభై ఆరేళ్ళు. పదిహేడేళ్ళు ఓ ప్రైవేటు బడిలో తెలుగూ సోషలూ చెప్పింది. కరోనా వచ్చి ఆ బడి మూతపడ్డాక సర్వేల్లో పడింది. సబ్బుల సర్వే, దోమల సర్వే, ఓట్ల సర్వే, ఏది దొరికితే అది. గవరపాలెంలో మోటార్లు బాగుచేసే షాపు మీద ఒక గది, వంటకి ఓ మూల, బయట కుళాయి. సాయంత్రం కింద షట్టరు దించేశాక ఆ మేడ మొత్తానికి ఆమె ఒక్కతే మనిషి. మొగుడనేవాడు ఒకప్పుడు ఉండేవాడు. నాలుగేళ్ళు కాపురం చేసి, విజయనగరంలో మరో కాపురం పెట్టుకుని అటే పోయాడు. పిల్లలు లేరు. పోయినవాడి గురించి ఇంతకంటే చెప్పడం దండగ.

అయితే సర్వేకి వెళ్ళిన చోటల్లా ఆమెకి మొగుడూ ఉన్నాడు, పిల్లలూ ఉన్నారు. మన ఊళ్ళ సంగతి తెలిసిందే గదా. మనం ఒక ప్రశ్న అడిగేలోపు వాళ్ళు నాలుగడుగుతారు. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఆయనేం చేస్తాడు, పిల్లలెంతమంది. మొదట్లో పద్మకుమారి ఉన్నదున్నట్టు చెప్పేది. చెప్పగానే అవతలి ఆడవాళ్ళు అయ్యో తల్లీ అని నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం, అరగంట ఓదార్చడం, సర్వే అక్కడే ఆగిపోవడం. ఇలా అయితే లాభం లేదని, ఆయన గాజువాకలో ఫ్యాక్టరీ పనికి వెళ్తాడు, ఇద్దరు పిల్లలు అని చెప్పడం మొదలెట్టింది. ఆ పిల్లలు ఏటేటా పెద్దవాళ్ళవుతూ వచ్చారు కూడా. పెద్దది డిగ్రీలో చేరింది. కొడుక్కి లోహిత్ అని పేరు పెట్టుకుంది. వాడిప్పుడు ఇంటరు రెండో సంవత్సరం, లెక్కల్లో కాస్త మొద్దు. సూపర్‌వైజరు త్రినాథ్ కూడా ఆ మాటే నమ్మి, అప్పుడప్పుడు లోహిత్ చదువు గురించి అడుగుతుండేవాడు.

త్రినాథ్ కశింకోట మనిషి. పన్నెండు మందినీ ఒక ఫంక్షన్ హాలు మేడ మీద కూర్చోబెట్టి రెండ్రోజులు ట్రైనింగిచ్చాడు. మొత్తం నలభై ఒక్క ప్రశ్నలు. ఊరికి పదిళ్ళు. ఆ పదిళ్ళూ ఢిల్లీ కంప్యూటరే ఏరి పంపుతుంది, పక్కింటికి వెళ్ళడానికి వీల్లేదు. తలుపు తాళం వేసి ఉంటే మూడుసార్లు వెళ్ళాలి. పదింట్లో ఒక్కటి తగ్గినా ఆ ఊరు మొత్తం లెక్కలోంచి పోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ముప్ఫై ఏడో ప్రశ్న ఒక ఎత్తు అన్నాడు త్రినాథ్. అది ఇదీ: మీకు ఏదైనా కష్టం వస్తే, పిలిచిన వెంటనే వచ్చే మనిషి ఒక్కరైనా ఉన్నారా? ఉన్నారు, లేరు, అంతే. నడిమధ్య జవాబు లేదు.

"సంతోషానికేసే నంబర్లు మారతాయి మేడం. నిన్న ఆరంటాడు, ఇయ్యాల నాలుగంటాడు. ఇదలా మారదు. మనిషుంటే ఉన్నట్టు, లేపోతే లేనట్టు. అందుకే బ్యాక్ చెక్‌లో దీన్ని పట్టుకుంటారు."

బ్యాక్ చెక్ అంటే, సర్వే అయిన రెండు వారాలకి విశాఖపట్నం ఆఫీసు నుంచి కొన్ని ఇళ్ళకి ఫోన్ చేసి నాలుగైదు ప్రశ్నలు మళ్ళీ అడుగుతారు. వయసో, గదుల లెక్కో, ముప్ఫై ఏడో ప్రశ్నో తేడా వస్తే సూపర్‌వైజరు స్వయంగా ఆ ఇంటికి వెళ్ళి చూస్తాడు. ఫారం ఇంట్లో కూర్చుని నింపేశారని తేలితే ఆ మనిషి పేరు అన్ని కంపెనీలకీ వెళ్ళిపోతుంది. ఇంక జన్మలో సర్వే పని దొరకదు. ఆ మాట చెప్పినప్పుడు పన్నెండు మందీ తల దించుకుని రాసుకున్నారు. పద్మకుమారికి ఈ పని పోతే మరో పని లేదు.

పని మొదలైంది. ఎనిమిదో ప్రశ్నకి నిచ్చెన బొమ్మ ఒకటి చూపించాలి. పదిమెట్ల నిచ్చెన. పైమెట్టు అన్నిటికంటే మంచి బతుకు, కింది నేల అన్నిటికంటే పాడు బతుకు, మీరే మెట్టు మీద ఉన్నారు అని అడగాలి. ఢిల్లీ వాళ్ళు దేశమంతా అదే బొమ్మ చూపిస్తున్నారట. ఎస్. రాయవరం అవతల ఓ ఊళ్ళో పోతన్న అనే చెరుకు రైతు ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు.

"నిచ్చెన మీద ఎవుడైనా కాపురం ఉంతాడేటమ్మా? ఎక్కుతాడు, పని సూసుకుంతాడు, దిగిపోతాడు."

నిజమే గదా అనిపించింది పద్మకుమారికి. ఢిల్లీ వాళ్ళకి తోచని ముక్క. కాసేపు ఆలోచించి, పోనీ మీ బతుకు బెల్లం దిమ్మ అనుకోండి, అనకాపల్లి యార్డులో దింపితే ఏ రకం కింద పాట పెడతారు అని అడిగింది. పోతన్న మొహం విచ్చుకుంది. క్షణం ఆలస్యం చెయ్యలేదు. రెండో రకం అన్నాడు. రంగు బాగానే ఉంటుంది గానీ చేత్తో నొక్కితే మెత్తన అన్నాడు. ఆ మెత్తదనం ఎక్కడిదో కూడా అడక్కుండానే చెప్పాడు. అన్నదమ్ముడితో గట్టు తగాదా, పదేళ్ళుగా మాటల్లేవు.

ఆనాటి నుంచి ఆమె నిచ్చెన బొమ్మ బయటికి తియ్యలేదు. అందరినీ బెల్లమే అడిగింది. మొదటి రకమంటే ఎనిమిది, రెండోదంటే ఆరు, నల్లబెల్లమంటే రెండు అని తనే అంకెలు వేసుకుంది. మొదటి రకం అన్నవాళ్ళు బహు తక్కువ. ఆ అన్నవాళ్ళు కూడా అనేసి, చుట్టూ చూసి, వద్దమ్మా దిష్టి తగులుతుంది, రెండో రకమని రాసుకో అనేవారు. సంతోషంగా ఉన్నామని పైకి చెప్పుకుంటే ఆ సంతోషం నిలవదని మన వాళ్ళకి గట్టి నమ్మకం. ఢిల్లీ పుస్తకంలో మన జిల్లా నాలుగు మెట్లు కిందకి దిగిపోతే అందుకు కారణం ఇదీ అని ఎవరికి తెలుస్తుంది?

ముప్ఫై ఏడో ప్రశ్నకి మాత్రం చాలామంది నవ్వేసేవారు. ఇదేం ప్రశ్న, కేకేస్తే నలుగురు రారా అనేవారు. వందిళ్ళు పూర్తయ్యేసరికి లేరు అన్నవాళ్ళు తొమ్మిది మంది తేలారు. ఆ తొమ్మిది మొహాలూ ఆమెకి గుర్తే. ఆ మాట చెప్పాక వాళ్ళు వెంటనే లేచి లోపలికి పోయి మంచినీళ్ళో టీయో పట్టుకొచ్చేవారు. ఇంకాసేపు కూర్చోమనేవారు. ఆమె కూర్చునేది. గదికి వచ్చాక, ఇదే మాట నన్నడిగితే నేనేం చెబుదును అనుకునేది. అడిగేవాళ్ళెవరూ లేరు కాబట్టి జవాబు కోసం వెతకలేదు.

మాకవరపాలెం దగ్గర ఊళ్ళో తొమ్మిదిళ్ళు అయ్యాయి. పదోది సోమాలమ్మ అనే ఆవిడది. మొదటిసారి వెళ్తే తాళం. రెండోసారీ తాళం. మూడోసారి నర్సీపట్నం బస్సెక్కి, దిగి, మైలున్నర నడిచి వెళ్తే అదే తాళం. సోమాలమ్మ కొండ మీద అన్నగారింటికి వెళ్ళిందనీ, అక్కడ ఫోన్లు పలకవనీ, ఎప్పుడొస్తుందో తెలీదనీ ఎదురింటావిడ చెప్పి చంటిదానికి నీళ్ళు పోసే పనిలో పడింది. ఇంతలో త్రినాథ్ ఫోను. సాయంత్రం ఆరింటికి ఈ మండలం లెక్క మూసేస్తారట. పదో ఇల్లు రాకపోతే తొమ్మిదీ పోయినట్టే.

ఆ తొమ్మిదింటి కోసం ఆమె రెండ్రోజులు ఎండలో తిరిగింది. అందులో ఒక ముసలాయన పెళ్ళాం పోయిన సంగతి మొదటిసారి నోరు విప్పి చెప్పాడు. ఒక కోడలు, అత్తగారు పొలం వెళ్ళేవరకూ ఆగి, రెండో రకం అని మెల్లగా చెప్పింది. వాళ్ళ మాటలన్నీ ఒక్క తాళంకప్ప కోసం నీళ్ళలో పోయడమా? పద్మకుమారి సోమాలమ్మ అరుగు మీద కూర్చుని ట్యాబు తెరిచింది. సాటి మాస్టార్లు ఎన్ని దొంగలెక్కలు రాసినా హాజరుపట్టీలో ఒక్క గీత తప్పు వెయ్యని మనిషి, పేరు దగ్గర సోమాలమ్మ అని కొట్టింది.

వయసు దగ్గర చెయ్యి ఆగిపోయింది. చూడని మనిషికి ఎంత వయసని వెయ్యడం? నలభై ఆరు అని వేసేసింది. అక్కణ్ణుంచి ఏ ప్రశ్న వచ్చినా తన జవాబే వేలిమీదకి వచ్చింది. గదులెన్ని అంటే ఒకటి. ఇంట్లో ఎంతమంది అంటే ఒకరు. అలవాటు కొద్దీ ప్రశ్నలు పైకి చదువుతోంది, చిన్న గొంతుతో తనే జవాబు చెబుతోంది. నిన్న మీరు నవ్వారా? నవ్వింది. బస్సులో ఎవరి మేకో కండక్టరు చేతిలో టికెట్ల మిషను నాకితే నవ్వింది. బతుకు ఏ రకం? రెండో రకం, ఆరు వేసింది. ముప్ఫై ఏడు దగ్గర కాస్త ఆలోచించింది. అక్క ఉంది గదా అనుకుని ఉన్నారు అని నొక్కింది. చివర ఫోన్ నంబరు. ఆమె ఫోనులో రెండో సిమ్ము ఒకటి ఉంది, ఏదో ఆఫరులో తీసుకున్నది. ఆ నంబరు ఎవరికీ తెలీదు. అది వేసింది.

తప్పు చేశానన్న భయం ఉండాలి గదా, లేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఎవరో ఎదురుగా కూర్చుని గంటసేపు తన గురించే అడిగి వెళ్ళినట్టుంది. మనిషి ఎంత మాటకి మొహం వాచిపోతే అలా అనిపిస్తుందో, ఆ సంగతి ఏ పరిశోధన సంస్థ చెబుతుంది?

అక్క సంగతి చెప్పాలి. పేరు నూకరత్నం. ఎస్. రాయవరంలో అత్తవారిల్లు, నాలుగెకరాల చెరుకు, సొంత గానుగ. రోజూ సాయంత్రం ఏడున్నరకి ఫోన్ చేస్తుంది. మోకాళ్ళ నొప్పి, తోడికోడలి మాటలు, కూలీలు ఎగ్గొట్టిన పని, అన్నీ నలభై నిమిషాలు చెప్పి, సరేనే పద్దా ఉంతాను అని పెట్టేస్తుంది. చెడ్డది కాదు. చిన్నప్పుడు ఈమెకి జడలు వేసింది ఆవిడే. చెప్పుకోవడానికి ఒక చెవి కావాలి, ఆ చెవి చెల్లెలిది. పద్మకుమారి ఊఁ కొడుతూ వంట చేసుకునేది. ఆ ఫోను రాని రోజు అన్నం సహించేది కాదు.

సోమాలమ్మ ఫారం నింపిన పదిరోజులకి పద్మకుమారికి జ్వరం తగిలింది. మామూలు జ్వరం కాదు, రెండో రోజుకి మంచం మీంచి లేస్తే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. బయట కుళాయి దాకా వెళ్ళి బిందె నింపుకోలేక, సగం చెంబుతో తిరిగొచ్చింది. ఆ పూట తనే అక్కకి ఫోన్ చేసింది. జ్వరమొచ్చిందక్కా, ఒక్క రెండ్రోజులు వచ్చి ఉండగలవా అంది. ఇన్నేళ్ళలో అక్కని రమ్మని అడగడం అదే మొదలు.

"గానుగాడతందే పద్దా. పదిమందికి వండాల. నానొగ్గేసి ఎలాగొత్తాను? బిళ్ళేసుకుని తొంగో. తగ్గేక ఫోన్ సెయ్యి."

అది అబద్ధం కాదు. పొయ్యి మీద పాకం ఉంటే ఇంటి ఇల్లాలు కదిలే వీలుండదు, పద్మకుమారికీ తెలుసు. ఫరవాలేదక్కా అంది. మర్నాడు అక్క ఫోన్ చెయ్యలేదు. ఆ మర్నాడూ చెయ్యలేదు. పనిలో ఉండుంటుంది అనుకుంది. కింద షాపులో మోటార్లు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంటే పగలు కాస్త ధైర్యంగా ఉండేది. షట్టరు దించేశాక, కేకేస్తే వినేవాళ్ళెవరు అని లెక్క వేసుకుంది. ఎదురు మేడ వాళ్ళ పేరు కూడా ఆమెకి తెలీదు. వెయ్యి మంది ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ వంటింటి పొయ్యి ఏ దిక్కున ఉందో కూడా రాసుకున్న మనిషికి, తన ఎదురింటి వాళ్ళ పేరు తెలీదు.

ఐదో రోజుకి జ్వరం జారింది. ఆ సాయంత్రం ఏడున్నరకి అక్క ఫోను. కూలీల్లో ఇద్దరు చెప్పకుండా పోయారట, పాకం ఒక దిమ్మ మాడిందట, తోడికోడలు అందరి ముందూ మాటందట. నలభై నిమిషాలు. పద్మకుమారి ఊఁ కొడుతూ చూస్తోంది, ఇప్పుడడుగుతుంది, ఇప్పుడడుగుతుంది అని. సరేనే పద్దా ఉంతాను అని అక్క పెట్టేసింది. జ్వరం మాట రాలేదు. పద్మకుమారి ఫోను పక్కన పెట్టి ఏడ్చింది. గట్టిగానే ఏడ్చింది, వినేవాళ్ళు లేరు గనక.

మర్నాడు పొద్దున్న పదిన్నరకి ఆ రెండో సిమ్ముకి ఫోన్ వచ్చింది. ఆ నంబరు మోగడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఎత్తితే ఒక ఆడపిల్ల గొంతు. పేరు రాజశ్రీ అట, విశాఖపట్నం నుంచట, ఈ సంభాషణ రికార్డవుతుందట.

"సోమాలమ్మగారేనా అండీ?"

 కాదు, రాంగ్ నంబర్ అని పెట్టేయొచ్చు. పెట్టేస్తే నంబరు తప్పని రాసి త్రినాథ్‌ని పంపుతారు. అవునమ్మా అంది. కొంచెం గొంతు మార్చింది.

అక్కణ్ణుంచి పిల్ల చకచకా అడుగుతోంది, ఈమె చెబుతోంది. మీ ఇంటికి సర్వేకి ఎవరైనా వచ్చారా? వచ్చారు. వచ్చినావిడ మర్యాదగా మాట్లాడారా? మాట్లాడింది పాపం. వయసెంత? నలభై ఆరు. గదులెన్ని? ఒకటి. అన్నీ ఫారంలో ఉన్నట్టే. ఇంకొక్కటి సరిగ్గా చెప్పేస్తే చాలు, గండం గట్టెక్కినట్టే. ఆ ఒక్కటి ఏదో ఆమెకి తెలుసు. ఏం చెప్పాలో కూడా తెలుసు.

"మీకు ఏదైనా కష్టం వస్తే, పిలిచిన వెంటనే వచ్చే మనిషి ఒక్కరైనా ఉన్నారా అండీ?"

వందమందిని ఆమె అడిగిన మాట. ఆ పిల్ల గొంతులో ఆత్రమూ లేదు, జాలీ లేదు. అడిగి, జవాబు కోసం ఆగింది. ఎవరి తాలూకు అని అడగలేదు, ఆయనేం చేస్తాడని అడగలేదు. ఉన్నారా అని అడిగి ఊరుకుంది.

"లేరమ్మా," అంది పద్మకుమారి.

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. మొన్న ఉన్నారని చెప్పినట్టుందండీ, ఒకసారి ఆలోచించుకుని చెప్పండి అంది పిల్ల. తన పని తను చేస్తోంది గానీ, తెలియకుండానే ఒక అవకాశం ఇచ్చింది. అయ్యో అవునమ్మా ఉన్నారు, పొరపాటున అన్నాను అంటే సరిపోతుంది. వచ్చే నెల పార్వతీపురంలో కొత్త సర్వే ఉంది, త్రినాథ్ ఆమె పేరు రాసుకున్నాడు కూడా. గాజువాక మొగుణ్ణి పుట్టించిన నోటికి, లోహిత్‌ని ఇంటరు దాకా చదివించిన నోటికి ఆ ఒక్క మాట అనడం ఎంతసేపు?

"ఆలోచించే సెప్తున్నానమ్మా. మొన్న ఉన్నారనుకున్నాను. లేరు."

సరేనండి, మీ సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలండి అని పిల్ల పెట్టేసింది. మొత్తం నాలుగు నిమిషాల మాట. పద్మకుమారి ఫోను ఒళ్ళో పెట్టుకుని, ఇంకేమైనా అడుగుతుందేమోనన్నట్టు కాసేపు అలాగే కూర్చుంది. భయం తర్వాత వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం త్రినాథ్ మేడమెట్లెక్కి వచ్చాడు. ఉన్న ఒక్క కుర్చీలో అతన్ని కూర్చోబెట్టి ఆమె మంచం మీద కూర్చుంది. అతను గది నాలుగు మూలలా ఒకసారి చూసి, చూపు దించుకున్నాడు. మాకవరపాలెం వెళ్ళొచ్చానని చెప్పాడు. సోమాలమ్మ కొండ దిగి వచ్చిందట. డెబ్బై దాటిన మనిషి. తన దగ్గరికి ఎవరూ రాలేదనీ, ఏమీ అడగలేదనీ చెప్పిందట. సరే అని త్రినాథే కూర్చుని నలభై ఒకటీ అడిగి రాసుకున్నాడు. ముప్ఫై ఏడు దగ్గర ఆవిడ పకపకా నవ్విందట. పిలవడమెందుకు, తను పొద్దున్న తలుపు తియ్యడం కాస్త ఆలస్యమైతే చాలు, నలుగురు వచ్చి బాదేస్తారందట. ఆ సంగతి చెబుతూ అతనూ నవ్వబోయి ఆగిపోయాడు.

రికార్డింగ్ కూడా విన్నానన్నాడు. రెండో మాటకే గొంతు పోల్చుకున్నాడట.

"ఉన్నారు అని ఒక్క ముక్కనేసుంటే అయిపోను కదా మేడం. రూలు మీకు నేనే సెప్పేను. మరెందుకలాగ అన్నారు?"

పద్మకుమారి వెంటనే చెప్పలేకపోయింది. ఏ ఇంట్లోనైనా ఎవరైనా ఇలా ఆగిపోతే, తొందరేం లేదు, మెల్లగా చెప్పండి అని ఆమె అనేది. అతను అననూ లేదు, తొందరపెట్టనూ లేదు.

"అడిగింది బాబూ. నన్నే అడిగింది. ఆ మాటకి అబద్దం సెప్తే, ఇంక ఈ బూమ్మీద నిజం తెలిసినోళ్ళు ఒకళ్ళు కూడా ఉండరు గదా."

త్రినాథ్‌కి అర్థం కాలేదు. మీ ఆయన, పిల్లలు అని ఏదో అనబోయాడు. లోహిత్‌కి పరీక్షలు గదా ఇప్పుడు అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. లోహిత్ లేడు బాబూ అంది. ఎవరూ లేరంది. ఎవరో చనిపోయిన కబురు విన్నట్టు అతని మొహం పాలిపోయింది. మూడేళ్ళుగా చదువు గురించి అడుగుతున్న పిల్లవాడు మరి.

అతను ఉద్యోగం మాటల్లోకి వచ్చాడు. రిపోర్టు రాయక తప్పదన్నాడు. రాయకపోతే తన మీదకి వస్తుంది, ఇంట్లో చంటిపిల్ల ఉంది. సోమవారం నుంచి రావద్దన్నాడు. పార్వతీపురం జాబితాలోంచి పేరు తీసేస్తారన్నాడు. అన్నిటికీ ఆమె సరే అంది. ఆ ఫారం కూడా ఇప్పుడే తీసేయాలి, అసలు సోమాలమ్మది ఎక్కించాలి అన్నప్పుడు మాత్రం తలెత్తింది.

"అదొక్కటీ ఉంచెయ్యకూడదా బాబూ? పేరొక్కటే తప్పు. మిగతావన్నీ నిజవే."

అతను ఇబ్బందిగా కదిలాడు. మోసం చేసినందుకు కోపంగా ఉన్నవాడి గొంతు కాదు అది. నచ్చజెబుతున్నట్టే అన్నాడు.

"మీ ఇల్లు లిస్టులో పడలేదు కదా మేడం."

అవును, పడలేదు. దేశంలో ఇన్ని లక్షల ఇళ్ళు ఏరిన కంప్యూటరు గవరపాలెంలో మోటార్ల షాపు మీద గదిని ఏరలేదు. అందులో ఎవరి తప్పూ లేదు. సంతోషం గురించి రాబోయే ఆ పుస్తకంలో మొదటి రకం వాళ్ళుంటారు, నల్లబెల్లం వాళ్ళూ ఉంటారు, లేరు అన్న ఆ తొమ్మిది మందీ ఉంటారు. పద్మకుమారి ఉండదు.

ట్యాబు ఆమె ముందుకి జరిపాడు. ఫారం ఆమె లాగిన్ మీద ఉంది, ఆమే తియ్యాలి. పద్మకుమారి కళ్ళజోడు పెట్టుకుని ఫారం తెరిచింది. తొలగించు అన్న గుర్తు పైనే ఉంది. దాన్ని నొక్కకుండా కిందకి జరుపుకుంటూ వెళ్ళింది. బడిలో జవాబు పత్రాలు దిద్దినట్టు ఒక్కొక్కటే వేలుపెట్టి చదివింది. సోమాలమ్మ అన్న చోట పద్మకుమారి అని మార్చింది. నిన్న నవ్వారా అన్న చోట ఆగి, ఆరోజు నిజంగానే నవ్వాను గదా అని అలాగే ఉంచింది. ముప్ఫై ఏడు దగ్గర ఉన్నారు అన్నది తీసి, లేరు అని పెట్టింది. సేవ్ చేసింది.

తీసేసేదానికి దిద్దడం ఎందుకు మేడం అని త్రినాథ్ మెల్లగా అడిగాడు. ఆమె మొదటి నుంచి చివరి దాకా మరొక్కసారి చూసుకుంది. నలభై ఒకటీ ఇప్పుడు సరిగ్గా ఉన్నాయి. తొలగించు నొక్కింది. నిజంగానే తొలగించాలా అని అడిగింది ట్యాబు. అవును అని నొక్కి, కళ్ళజోడు తీసి, ట్యాబు అతని చేతికిచ్చేసింది.